రెండు పోర్షన్లు, ఒకే మీటరు

సెప్టెంబర్ 28 గుర్రం జాషువా జయంతి. ఆయన పుట్టిన వినుకొండలోనే ఓ బడిలో ఆ రోజు ప్రొజెక్టర్ పెట్టారనుకుందాం. తెలుగు మాస్టారు కవి జీవితం మీద ఒక పీపీటీ చేసుకొచ్చారు: 1895లో పుట్టుక, 1970లో పద్మభూషణ్, 1971లో మరణం. మరో మేడమ్ జాషువా కావ్యం ‘గబ్బిలం’ మీద ఇంకోటి తెచ్చారు. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, అందులోంచి నాలుగు స్లైడ్లు ఇందులోకి లాగితే పని అయిపోతుంది. కానీ బడిలో ఉన్నది పాత కంప్యూటర్, అందులో పవర్‌పాయింట్ 2007. రెండో ఫైల్ తెరవగానే మొదటిది మాయం! కింద టాస్క్‌బార్‌లో రెండు బటన్లూ కనిపిస్తూనే ఉంటాయి. ఒకటి నొక్కితే రెండోది దాని వెనక్కి పోతుంది. ఒకదాన్ని ప్రొజెక్టర్ తెర మీదికి జరుపుదామన్నా జరగదు.

ఆ బటన్లను నమ్మకూడదు. ఆ వెర్షన్‌లో అసలు విండో ఒక్కటే. ఫైళ్లన్నీ ఆ పెద్ద చట్రం లోపలే తెరుచుకుంటాయి, దాని గీత దాటి బయటికి రావు. మెనూలు, టూల్‌బార్లు అన్నిటికీ కలిపి ఒకే సెట్టు. తెరలు చిన్నవిగా, మెమరీ ఖరీదుగా ఉన్న కాలంలో అది తెలివైన ఏర్పాటే. 1985లో వచ్చిన మొదటి విండోస్‌లోనైతే ఒక ప్రోగ్రామ్ విండో మీద ఇంకో ప్రోగ్రామ్ విండో ఎక్కేదే కాదు, గచ్చు మీద బండల్లా పక్కపక్కన సర్దుకోవాల్సిందే. ఒకదాని మీద ఒకటి పరుచుకోవడం 1987 నాటి రెండో వెర్షన్‌తో వచ్చింది.

తర్వాత తెరలు పెరిగాయి, ఒక కంప్యూటర్‌కు రెండు తెరలు తగిలించడం మామూలైంది. వర్డ్ 2000లోనే చట్రం వదిలేసి ఫైలుకో విండో ఇచ్చింది. పవర్‌పాయింట్‌కు ఆ బుద్ధి 2010 వెర్షన్‌లో పుట్టింది, ఎక్సెల్‌కు 2013లో. ఒకే కంపెనీ, ఒకే ప్యాకెట్‌లో అమ్మే మూడు ప్రోగ్రాములు. ఇంత తేడా ఎందుకో వాళ్లకే తెలియాలి.

2007తోనే నెట్టుకురావాల్సిన వాళ్లకు ఒక దారి ఉంది. ‘వ్యూ’ ట్యాబ్‌లో ‘అరేంజ్ ఆల్’ నొక్కితే రెండు ఫైళ్లూ చట్రం లోపలే పక్కపక్కన సర్దుకుంటాయి. 2010, ఆ తర్వాతి వెర్షన్లలో ఇంకా సులువు. విండోస్ కీతో పాటు ఎడమ బాణం నొక్కితే ఒక ఫైల్ సగం తెర ఆక్రమిస్తుంది, రెండోదానికి కుడి బాణం. ఇక ఎడమ అంచున ఉన్న స్లైడ్ బొమ్మను మౌస్‌తో పట్టుకుని అవతలి ఫైల్‌లోకి లాగి వదలడమే. అయితే వదిలిన మరుక్షణం స్లైడ్ రంగులు, అక్షరాలు మారిపోతాయి. మేడమ్ నీలం స్లైడ్ మాస్టారి ఆకుపచ్చ వేషం వేసుకుంటుంది. కంగారు పడక్కర్లేదు, పక్కనే చిన్న పేస్ట్ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి ‘కీప్ సోర్స్ ఫార్మాటింగ్’ ఎంచుకుంటే పాత రంగులు తిరిగొస్తాయి.

ఇంతటితో రెండు ఫైళ్లూ దేనికది స్వతంత్రమైపోయాయనుకుంటాం. అక్కడే పప్పులో కాలేస్తాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘డీటెయిల్స్’ చూడండి. తెర మీద ఎన్ని ప్రెజెంటేషన్లు ఉన్నా నడుస్తున్న పవర్‌పాయింట్ ఒక్కటే. ఇంటిని రెండు పోర్షన్లు చేసి వేరే వేరే తలుపులు పెట్టినా, కరెంటు మీటరు ఒకటే అయినట్టు. ఫ్యూజు పోతే రెండు పోర్షన్లలోనూ చీకటే. మేడమ్ ఫైల్‌లో వీడియో బిగుసుకుని ‘నాట్ రెస్పాండింగ్’ అని పడితే, ఏ పాపమూ ఎరగని మాస్టారి ఫైల్ కూడా కదలదు. ప్రోగ్రామ్‌ను బలవంతంగా మూస్తే సేవ్ చేయని పని రెంటిలోనూ పోవచ్చు. ఆటో రికవర్ ఉంది కదా అంటారా? అది మామూలుగా పది నిమిషాలకోసారి దాస్తుంది. ఆ మధ్యలో చేసిందానికి పూచీ లేదు.

బిగుసుకుపోవడానికి చాలాసార్లు ఫోటోలే కారణం. 4,000 × 3,000 పిక్సెళ్ల సెల్‌ఫోన్ ఫోటో ఫైల్‌గా మూడు నాలుగు ఎంబీలే ఉండొచ్చు. తెర మీద చూపడానికి పూర్తిగా విప్పితే పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన దాదాపు 48 ఎంబీ మెమరీ అడుగుతుంది. అలాంటివి ముప్ఫై అయితే ఎంతో మీరే వేసుకోండి. ‘కంప్రెస్ పిక్చర్స్’ ఆప్షన్ వాడి ముందే తగ్గించుకుంటే రెండు ఫైళ్లూ హాయిగా నడుస్తాయి.

ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌దీ ఇదే కథ. విండోలు ఎన్నయినా లోపల నడిచే ప్రోగ్రామ్ ఒకటే. ఎక్సెల్ మాత్రం కాస్త నయం. ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని ఎక్సెల్ ఐకాన్‌ను నొక్కితే, విడిగా ఇంకో ఎక్సెల్ మొదలుపెట్టమంటారా అని అడుగుతుంది. పవర్‌పాయింట్‌లో ఆ వెసులుబాటు లేదు. మరీ బరువైన ఫైల్ ఉంటే దాన్ని లిబ్రేఆఫీస్‌లోనూ, రెండోదాన్ని పవర్‌పాయింట్‌లోనూ తెరవొచ్చు. ఇవి రెండు వేరు ప్రోగ్రాములు, ఒకటి బిగుసుకున్నా రెండోది మూతపడదు. కాకపోతే ఒకదాంట్లో చేసిన పీపీటీని ఇంకోదాంట్లో తెరిస్తే అక్షరాలు, యానిమేషన్లు అటూఇటూ జరుగుతాయి. అందుకని పిల్లలకు చూపించేదాన్ని పవర్‌పాయింట్‌కే వదిలి, పక్కన పెట్టి చదువుకునేదాన్ని లిబ్రేఆఫీస్‌కు అప్పజెప్పడం మేలు.