షుగర్ రిపోర్టు వెనకున్న జన్యువును చదవగలరా?

పాతికేళ్ల కుర్రాడు, సన్నగా ఉంటాడు. పరగడుపున షుగర్ 130. ఏడాదిగా మాత్రలు వేసుకుంటున్నా అంకె పెద్దగా కదల్లేదు. వాళ్లమ్మకూ ఇంతే, మేనమామకూ ఇంతే. ఇలాంటి కేసు మీ ముందుకొస్తే ఏం అనుమానిస్తారు? లైఫ్ సైన్సెస్ చదువుతున్నవాళ్లు ఆలోచించాల్సిన ప్రశ్న ఇది.

ఒక్క ఎంజైము తేడా

రక్తంలో గ్లూకోజ్ ఎంతుందో క్లోమంలోని బీటా కణాలు పసిగట్టేది గ్లూకోకైనేజ్ అనే ఎంజైముతో. దాన్ని తయారుచేసే జీసీకే జన్యువు 7వ క్రోమోజోముపై ఉంటుంది. రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతింటే, షుగర్ కాస్త పెరిగాకగానీ ఇన్సులిన్ విడుదల కాదు. అందుకే అంకె కొంచెం ఎక్కువగా, కానీ నిలకడగా ఉంటుంది. పిల్లలకు వచ్చే అవకాశం 50 శాతం. మధుమేహంతో ఈ జన్యువుకున్న సంబంధం 1992లో బయటపడింది. ఈ రకం పేరు ఎంఓడీవై-2. గర్భిణుల సంగతి వేరు. మిగతావాళ్లలో చాలామందికి మందులే అక్కర్లేదు. ఆపాలా వద్దా అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

మరో ఉదాహరణ జీ6పీడీ. గ్లూకోజ్‌ను వాడుకునే దారిలోని ఈ ఎంజైము ఎర్ర రక్తకణాలకు కాపలా. జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉండటంతో లోపం మగవాళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది. వీళ్లకు మలేరియా మందు ప్రైమాక్విన్ ఇస్తే రక్తకణాలు పగిలిపోవచ్చు. కాబట్టి ముందే పరీక్ష చేయాలి.

ఎవరి పని ఏంటి?

ల్యాబ్‌లో డీఎన్‌ఏ తీసి సీక్వెన్సింగ్ చేసేవారు ఒకరు. కనిపించిన మార్పు హానికరమా, మామూలు తేడానా అని తేల్చే వేరియంట్ అనలిస్టు ఇంకొకరు. కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పేది జెనెటిక్ కౌన్సెలర్. బయాలజీతోపాటు కోడింగ్ ఇష్టమైతే రెండోది, మాట నేర్పు, ఓపిక ఉంటే మూడోది నప్పుతాయి.

దారి ఇదీ

ఉస్మానియాలో జెనెటిక్స్, ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ విభాగాలున్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. పరిశోధన వైపు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్ నెట్ రాయండి. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, సీసీఎంబీ వెబ్‌సైట్లలో ప్రకటనలు చూస్తుండండి.

ఈ వారమే మొదలుపెట్టండి

క్లిన్‌వార్ డేటాబేస్ ఉచితం. అందులో జీసీకే అని వెతికి ఓ అయిదు మార్పులు తీసుకోండి. ఏది హానికరమన్నారు, ఏది తేలలేదన్నారు, ఎందుకు? ఒక్కోదానికి నాలుగు వాక్యాలు తెలుగులో, మీ అమ్మకు అర్థమయ్యేలా రాయండి. ఇంటర్వ్యూలో ‘ఏం చేశారు?’ అని అడిగితే చూపించడానికి ఆ పేజీలే మీ చేతిలో ఉంటాయి.