బెంజ్ బ్యాటరీని ఎవరు తాగుతున్నారు?

శంషాబాద్‌లో మా బాబాయ్ పెళ్లిళ్లకి, ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులకి తిప్పేది 1996 మోడల్ బెంజ్ ఈ-220. మన దేశంలో బెంజ్ తయారీ 1995లో పుణెలో మొదలైంది ఈ కారుతోనే. మూడ్రోజులు కదలకపోతే బండి స్టార్ట్ అవదు. మెకానిక్ ఆల్టర్నేటర్ మార్చాలన్నాడు. అంటే ఈ ముహూర్తాల సంపాదన దానికే.

కానీ ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు వస్తున్నాయి. ఛార్జింగ్ బానే ఉంది, ఆగాకే ఏదో తాగుతోంది. ఇది పట్టడానికి మన ల్యాబ్‌లో ఉండే మల్టీమీటర్ చాలు. డోర్లు మూసి, నెగటివ్ కేబుల్ ఊడదీసి (పాత స్టీరియో మళ్లీ కోడ్ అడుగుతుంది, ముందే వెతికి పెట్టుకోండి), కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటర్ పెట్టాలి. 10 ఆంపియర్ల సాకెట్‌లోనే. అలా ఉండగా స్టార్ట్ చేస్తే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

50 మిల్లీఆంపియర్ల లోపుంటే ఓకే. మాకు 800 చూపించింది! రోజుకి 19 ఆంపియర్-అవర్లు. 70 ఉన్న బ్యాటరీ నాలుగో రోజుకి ఖాళీ.

ఇక ఫ్యూజులు పీకుతూ చూడటమే. సగం సగం పీకితే తొందరగా తేలుతుంది, బైనరీ సెర్చ్ అన్నమాట. లోపలి లైట్ల ఫ్యూజ్ తీయగానే రీడింగ్ పడిపోయింది. అనుమానం డిక్కీ మీదికెళ్లింది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూశాం. లైట్ ఆరలేదు, స్విచ్ అరిగిపోయింది. కొత్తది దొరికేదాకా బల్బు పీకేసి, బాబాయ్ ఆ వారం పెళ్లికి బండి పంపాడు.