తూఫాన్సు జట్టును, గచ్చిబౌలి మైదానమును

గచ్చిబౌలి ఇందిరానగరు సందులలోని టీ దుకాణముల యొద్ద సాయంకాలము ఏడుగంటలు దాటిన పిదప నిలుచువారికి ఒక్కొక్కప్పుడు ఒక వింత వాదము చెవిని బడుచుండును. మెడలో కంపెనీ గుర్తింపుకార్డులు వ్రేలాడుచుండగా, ఒకచేత చాయిగ్లాసును, వేఱొకచేత ఫోనును పట్టుకొని నలుగురైదుగురు యువకులు గుమిగూడి, ఎవరిని నిలుపుకొనవలెను, ఎవరిని విడువవలెను అని తగవులాడుచుందురు. క్రొత్తగా విన్నవారు ఏదో సాఫ్టువేరు కంపెనీలో ఉద్యోగుల తగ్గింపును గూర్చిన మాటయని భ్రమపడుదురు. కాదు; వారు మాటలాడునది హాకీని గూర్చి, హైదరాబాద్ తూఫాన్స్ అను జట్టును గూర్చి. క్రికెట్టు తప్ప అన్యమెఱుగరని మనము నిందించుచుండు ఈ తరమువారిలో, హాకీకై ఇంత పట్టుదలతో వాదించువారు కొలదిమందియైనను ఉండుట మాకు సంతోషమును గలిగించినది. అయితే ఆ వాదములో రావలసిన ప్రశ్న యొకటి యెన్నడును రాదు. దానిని వారి యెదుట నుంచుటకే ఈ నాలుగు మాటలును.

హాకీ ఇండియా లీగు 2013లో పుట్టి, 2017తో నిలిచిపోయి, 2024 డిసెంబరులో తిరిగి లేచినది. మునుపటి ఆ అయిదేండ్లలో హైదరాబాదు పేర జట్టు లేదు. పునరుద్ధరణముతో వచ్చినదే తూఫాన్స్. 2024 అక్టోబరులో ఢిల్లీలో జరిగిన వేలములో పురుషుల జట్టొక్కొక్కటి నాలుగుకోట్ల రూపాయలకు లోబడి ఇరువదినలుగురు ఆటగాండ్రను కొనవలెనని నియమము. అందు పదునారుగురు స్వదేశీయులు, ఎనమండ్రు విదేశీయులు. స్వదేశీయులలో నలుగురు జూనియర్లు తప్పక యుండవలెను. మన జట్టువారు ఆ నాలుగుకోట్లలో 68 లక్షలను, అనగా నూటికి పదునేడు వంతులను, ఒక్క గొంజాలో పెయ్యాట్ కొఱకే వెచ్చించిరి. ఆ వేలములో ఏ విదేశీయునికిని అంత వెల పలుకలేదు. 2016 రియో ఒలింపిక్సులో అర్జెంటీనా స్వర్ణపతకము గెలిచినపుడు పదునొకండు గోళ్లతో ఎల్లరను మించినవాడతడు. తరువాత జర్మనీ పౌరసత్వమును గైకొని, 2023లో మన భువనేశ్వరమందే ఆ దేశమునకు ప్రపంచకప్పు గెలిచిపెట్టిన వారిలో నొకడయ్యెను. జట్టులోనికి వచ్చునప్పటికి అతనికి ముప్పదిరెండేండ్లు.

ఈ వయస్సే వాదమునకు మూలము. ఆ జట్టులోనే అమన్‌దీప్ లక్రా అను ఒడిశా యువకుడున్నాడు. 2023లో కౌలాలంపూరులో జరిగిన జూనియరు ప్రపంచకప్పులో భారతజట్టున ఆడినవాడు. అతడును పెనాల్టీ కార్నరులలో డ్రాగ్ ఫ్లిక్కు కొట్టువాడే. గీతయొద్దనుండి తోయబడిన బంతిని వలయపుటంచున నొకడు ఆపగా, దానిని కఱ్ఱతో నేలవెంబడి లాగి ఒక్క విసరున గోలులోనికి పంపుట డ్రాగ్ ఫ్లిక్కు. చూచుటకు క్షణకాలపు పని; నేర్చుటకు ఏండ్లు పట్టును. నడుము, మోకాలు, మణికట్టు మూడును ఒకే తాళమున నడువవలెను. ఏండ్లతరబడి చేసినవాని నడుమును అరుగదీయునదియు అదియే.

ఇందిరానగరువారు ఈ విషయమును తమ కొలువుల భాషలోనే తర్కింతురు. మేము విన్న సంవాదములో ఒకరు కాస్త పెద్దవారు, వరంగల్లువైపు మనిషి. వేఱొకడు ఉద్యోగములో చేరి యేడాది కాని కుఱ్ఱవాడు. "అన్నా, ఇరువదేండ్లవానిని రెండు సీజనులు బెంచిమీద కూర్చుండబెట్టినచో వాడేమి నేర్చును? కొట్టనిచ్చి చూడవలెను" అని చిన్నవాడనెను. "తమ్మీ, క్లయింటు ముందఱ ఫ్రెషరును నిలువబెట్టుదురా? ఫైనలులో కార్నరు వచ్చినపుడు ఎవనిచేతికిత్తువో చెప్పుము" అని పెద్దవాడు బదులు చెప్పెను. బెంచి యనగా నేమో ఆ ప్రాంతమువారికి ఎవరును బోధింపనక్కఱలేదు. పని లేక జీతము మాత్రము వచ్చు దినములను, ఆ జీతమును ఆగిపోవునను భయమును వారు చాలమంది అనుభవించినవారే. 1998లో సైబర్ టవర్సు తెఱచినది మొదలు ఈ రాదారిలో మనుష్యులను వెలగట్టి తెచ్చుకొనుట, పైవెలకు ఎదుటికంపెనీ ఎగరేసికొనిపోవుట నిత్యకృత్యము. అందుచేతనే కాబోలు, ఆటగాండ్ర వేలమును గూర్చి వీరికి గల తెలివి మా వంటి పాతవారికి లేదు.

వాదములో మేమెటువైపని పాఠకులడుగవచ్చును. చిన్నవాని వైపే, కాని పూర్తిగా కాదు. 2025 ఫిబ్రవరి 1వ తేదీని రూర్కెలాలో జరిగిన ఫైనలును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తూఫాన్స్ బెంగాల్ టైగర్లతో తలపడి 4-3 గోళ్లతో ఓడిపోయినది. మనవారి మూడు గోళ్లలో రెండు పెయ్యాట్‌వి, మూడవది లక్రాది. అవతల జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు కొట్టగా, కడపటి భాగములో సామ్ లేన్ నాలుగవది వేసి కప్పును పట్టుకొనిపోయెను. పెద్దవాడు లేకున్న మనము ఫైనలులో అంతదూరము పోరాడియుండము. చిన్నవానిని బెంచిమీదనే కట్టివేసినను అంతే. ఇరువురు నొకేమైదానమున నుండినపుడు చిన్నవాడు చూచి నేర్చునది ఏ శిక్షణశిబిరమునను దొఱకదు. కావున పెద్దవానిని కొనుట తప్పుగాదు. అతని వెల చూపి చిన్నవానిని పరుగెత్తనీయకుండుటయే తప్పు. టోకియో, పారిస్ ఒలింపిక్సులు రెండింటను కాంస్యపతకము దెచ్చిన సుమిత్ వాల్మీకి, టోకియో జట్టులోని మణిపురీయుడు నీలకంఠశర్మ ఈ జట్టు నడుమున నిలిచిరి. ఇట్టివారి ప్రక్కన నలుగురు జూనియర్లను ఉంచవలెనన్న నియమము ఎవరి బుద్ధికి తోచినదో గాని మెచ్చదగినది. దానిని జట్లు కాగితముమీద నెఱవేర్చుచున్నవా, మైదానముమీద నెఱవేర్చుచున్నవా యని లెక్కచూచు పని మాత్రము అభిమానులది.

ఇంతవరకు అది ఇందిరానగరువారి వాదము. ఇక మా ప్రశ్న. ఈ జట్టు హైదరాబాదుది యనుటకు ఆధారమేమి?

మొదటియేడు ఆటలు రూర్కెలా, రాంచీలలో జరిగినవి. 2026 జనవరిలో చెన్నై, రాంచీ, భువనేశ్వరములలో జరిగినవి. రెండు సీజనులలో ఒక్క ఆటయైనను హైదరాబాదు గడ్డమీద జరుగలేదు. మన నగరము పేరును వీపున ధరించిన ఆటగాడు మన నగరవాసి యెదుట కఱ్ఱ పట్టలేదు. అయినను మనము అతనిని నిలుపుకొనుటయా, విడుచుటయా యని చాయి చల్లారువఱకు వాదించుకొనుచున్నాము! ఆటలనన్నిటిని ఒకటి రెండు ఊళ్లలో జరిపిన వ్యయము తగ్గుననుట నిజమే. లీగు మొన్ననే తిరిగి లేచినది, జాగ్రత్త పడవలసినదే. ఆ జాగ్రత్త ఎన్నియేండ్లన్నదే తేలవలసిన మాట.

ఊరితో పొత్తులేని జట్టుగతి ఏమగునో మనకు పరాయి పాఠము కాదు. అదే గచ్చిబౌలిలో, హాకీమైదానమునకు పొరుగుననే బాలయోగి స్టేడియమున్నది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. అను ఫుట్‌బాలు జట్టు దానిని తన యిల్లు చేసికొన్నది. మనోలో మార్కెజ్ అను స్పెయిను దేశపు కోచి ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి పడుచువారిని నమ్మి ఆడించెను. 2022 మార్చిలో ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగును గెలిచినది. కప్పునకు ముందే కొలాసోను, కప్పు పిదప రాయ్‌ని కోలుకొత్తా పట్టుకొనిపోయెను. మిశ్రా ముంబయి చేరెను. జీతములు అందలేదన్న గోల పుట్టెను. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలి, పేరును మార్చుకొన్నది. గొప్ప గొప్ప పిల్లలను పెంచినామని చెప్పుకొనుట తప్ప మనకు మిగిలినదేమి?

అమెరికా ఖండమున మంచుగడ్డమీద ఆడు హాకీ వేఱొకటి గలదు. అందు ఆటగాండ్రను డబ్బునకే కాక, ఆటగాండ్రకు ఆటగాండ్రనుగా మార్చుకొందురు. రాబోవు సంవత్సరములలో కుఱ్ఱవాండ్రను ఎన్నుకొను హక్కును గూడ బేరమున పెట్టుదురు. కెనడాలోని క్విబెక్ నగరపు జట్టు 1991లో ఎరిక్ లిండ్రాస్ అను యువకుని ప్రథముడుగా నెన్నుకొనెను. అతడు ఆ యూరికి రానని మొండికెత్తెను. మఱుసటియేడు వానిని ఫిలడెల్ఫియాకిచ్చి, బదులుగా ఆటగాండ్రను, ఎన్నిక హక్కులను, కోటిన్నర డాలర్లను పుచ్చుకొనిరి. అట్లు వచ్చినవారిలో పీటర్ ఫోర్స్‌బర్గ్ అను స్వీడను బాలుడుండెను. అభిమానులు ఓరిమితో ఆ కుఱ్ఱవాండ్రు ఎదుగువఱకు వేచియుండిరి. 1995లో జట్టును అమ్మి డెన్వరునకు తరలించిరి. 1996లో, సరిగా మఱుసటి సంవత్సరమే, ఫోర్స్‌బర్గు ఆడుచుండగా ఆ జట్టు స్టాన్లీ కప్పును గెలిచినది. ఉత్సవము డెన్వరు వీథులలో! బేరము తప్పు గాదు, ఎన్నిక తప్పు గాదు. పంట చేతికి వచ్చువేళకు పొలమే చేజాఱినది.

హైదరాబాదు హాకీకి ఇల్లు లేకపోలేదు. 2002 జాతీయక్రీడల నిమిత్తము గచ్చిబౌలిలో కట్టిన ఆవరణములోనే హాకీమైదానమును గలదు. 2003లో ఈ నగరమున ఆఫ్రో-ఏషియా క్రీడలు జరిగినపుడు భారత పురుషులజట్టు పాకిస్థానును ఫైనలులో 3-1తో ఓడించి స్వర్ణమును గైకొన్నది. స్త్రీలజట్టును స్వర్ణమునే గెలిచెను. 2005లో ప్రీమియరు హాకీ లీగు మొదటి సంవత్సరపు ఆటలన్నియు గచ్చిబౌలిలోనే జరిగినవి. అప్పుడు చుట్టును నేటివలె అద్దాల మేడలు క్రమ్ముకొనలేదు. ఆ లీగును గెలిచినది మన హైదరాబాద్ సుల్తాన్సు. ఆ జట్టు నాయకుడు ఒడిశా సుందర్‌గఢ్ జిల్లా వాడైన దిలీప్ టిర్కీ. 2008తో ఆ లీగు ముగిసినది. సుల్తాన్సును అంతటితో సరి. నేడు హాకీ ఇండియాకు అధ్యక్షుడు, మూలబడిన లీగును తిరిగి లేపినవాడు ఆ టిర్కీయే. గచ్చిబౌలి మైదానము ఆటకు తగదని ఆయనకు ఎవరును నమ్మబలుకలేరు. అంతర్జాతీయ హాకీ సమాఖ్యయే 2026 మార్చి నెలకు నియమించిన మహిళల ప్రపంచకప్పు అర్హతపోటీలలో ఒక భాగమును హైదరాబాదునకు కేటాయించినది. ఇతరదేశముల జట్లు వచ్చి ఆడదగిన ఊరిలో ఊరిజట్టు ఆడరాదా?

మేము సంకుచిత ప్రాంతాభిమానముతో ఈ మాట యనుచున్నామని తలపరాదు. జట్టులో తెలుగువారుండి తీరవలెనని మా పట్టుగాదు. టిర్కీ తెలుగువాడా? అయినను ఆ యేటి కప్పు మనదే. ఈ రాదారిలో పనిచేయువారే సగము దేశమునుండి వచ్చినవారు. అయితే సుందర్‌గఢ్ జిల్లాను చూడుడు. అచ్చట పల్లెపల్లెకు కఱ్ఱ పట్టు బాలురు, బాలికలు. వారికొఱకు క్రీడావసతిగృహములు వెలసినవి. బ్లాకునకొక కృత్రిమ పచ్చిక మైదానము నిర్మింపబూనిరి. రూర్కెలాలో 2023లో తెఱచిన బిర్సాముండా స్టేడియమున ఫైనలు చూచిన పిల్లవాడు మఱునాడు ఉదయము కఱ్ఱ పట్టుకొనును. మనకు మాత్రము అప్పుడొకరు, అప్పుడొకరు. హైదరాబాదువాడు ముకేశ్‌కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సులు మూడింటను ఆడెను. చిత్తూరుజిల్లా పల్లెనుండి వచ్చిన ఏతిమర్పు రజని భారతమహిళలకు గోలు కాచెను. వారు మన ఏర్పాట్లవలన వచ్చినవారు గారు. ఏర్పాట్లు లేకున్నను వచ్చినవారు. వేలములో నలుగురు జూనియర్లను కొనుటకు తూఫాన్సువారు ప్రతిసారియు ఒడిశావైపు, పంజాబువైపు చూడక ఏమి చేయుదురు?

అభిమానులకు మా కోరిక పెద్దది గాదు. వచ్చు సీజనున నాలుగాటలు, కనీసము రెండాటలు, గచ్చిబౌలిలో జరుపుడని జట్టు యజమానులకును, హాకీ ఇండియాకును, తెలంగాణ ప్రభుత్వమునకును వ్రాయుడు. సెలవుదినమున పెట్టించుడు, లేనిచో బయోడైవర్సిటీ కూడలిలోని రద్దీ దాటి వచ్చుసరికి ఆట ముగియును. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఒక వైపు మెట్లు ఉచితముగా విడువుడు. ఆటకు ముందటి దినమున జట్టులోని జూనియర్లు ఆ పిల్లలతో ఒక గంట కఱ్ఱలు పట్టి ఆడవలెనని షరతు పెట్టుడు. ఇది యంతయు ఒక విదేశీయుని వెలలో ఎన్నవ వంతగునో లెక్కలలో ఆరితేరిన ఇందిరానగరువారే చెప్పగలరు.

ఆ రాత్రి వాదము వినుచు నిలుచున్నవారిలో రూర్కెలా యువకుడొకడుండెను. ఇచ్చట ఒక కంపెనీలో టెస్టింగు పని చేయుచున్నాడు. ఇంతసేపు మాటలాడక, చివరకు మాతో మెల్లగా ననెను: "మా నాయనగారు ఇంటినుండి నడచిపోయి మీ హైదరాబాదు ఆటలు చూచివచ్చిరి. నేను ఇచ్చట మైదానపు గోడప్రక్కన హాస్టలులో నుండి ఫోనులో చూచితిని." చాయి డబ్బు చెల్లించి, అతడు రాత్రి షిఫ్టునకు వెడలిపోయెను.