ముక్కు ఎదుటి గాలిని కొలవడం

ఫినాయిల్ వాసన రానిదే ఇల్లు శుభ్రపడలేదని మనలో పలువురి నమ్మకం. అయితే వంగి గచ్చు తుడిచే మనిషి ఆ కొద్దిసేపటిలో ఎంత రసాయనాన్ని పీల్చుకున్నదీ వాసనను బట్టి చెప్పడం సాధ్యం కాదు. కొన్ని నిమిషాలలోనే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. గది మూలన ఉంచిన యంత్రమూ సరియైన లెక్క చెప్పదు; బకెట్టు ఉన్నది మనిషి చెంత గదా!

అందుచేత పరికరాన్ని మనిషికే తగిలించారు. 1960లో బ్రిటనులోని హార్వెల్ అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు, రేడియోధార్మిక ధూళిని కొలిచేందుకు దుస్తులపై ధరించదగిన చిన్న పంపును రూపొందించారు. ఆ పద్ధతి నేడు రసాయనాలకూ వర్తిస్తున్నది. పంపు నడుమున, గొట్టపు కొస మెడపట్టీ వద్ద ఉంటాయి. గొట్టంలోని పదార్థం గాలిలోని ఆవిరులను పట్టి ఉంచుతుంది. ఉదాహరణకు, నిమిషానికి 200 మిల్లీలీటర్ల చొప్పున 20 నిమిషాలు పీల్చితే 4 లీటర్ల గాలి. అందులో 2 మైక్రోగ్రాముల రసాయనం చిక్కితే, ఘనపు మీటరుకు 500 మైక్రోగ్రాములన్నమాట.

1981లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ న్యూజెర్సీలోని బేయాన్, ఎలిజబెత్ పట్టణాలలో 350 మందికి పైగా పౌరులచేత ఇట్టి పరికరాలు ధరింపజేసింది. అవి రసాయన కర్మాగారాల నడుమ ఉన్న పట్టణాలు. అయినా పరిశీలించిన పదార్థాలలో అధికభాగం పెరటి గాలిలో కంటె మనుషులు పీల్చిన గాలిలోనే ఎక్కువగా తేలాయి! మరుగుదొడ్ల దుర్వాసన పోగొట్టే బిళ్లలు, క్లోరిన్ కలిపిన నీటి వాడకం వంటివి ఇందుకు కారణాలని తదుపరి గుర్తించారు.

ఒకే పరికరం అన్నింటికీ పనికిరాదు. బెంజాల్కోనియం క్లోరైడు వంటి క్రిమిసంహారకాలు దాదాపు ఆవిరి కావు. పిచికారీ చేసినప్పుడు సూక్ష్మ బిందువులుగానే గాలిలో చేరతాయి. వాటిని పట్టడానికి వడపోత కాగితం కావాలి.

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనంలో, 6,235 మంది శ్వాసకోశ సామర్థ్యాన్ని ఇరువది సంవత్సరాలపాటు గమనించారు. ఇల్లు శుభ్రపరిచే స్త్రీలలో అది త్వరితంగా క్షీణించింది. అయితే వారెంత పీల్చారన్నది ప్రశ్నావళి ద్వారా ఊహించినదే గాని పరికరంతో కొలిచినది కాదు. ఈ లోటు చిన్నది కాదు.

సగటుతోనూ చిక్కే. బ్లీచింగ్ పౌడరుపై స్నానాలగది యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలికంటె రెండున్నర రెట్లు బరువు. నేలను అంటి, వంగిన ముఖం దగ్గరే నిలుస్తుంది. ఆ అయిదు నిమిషాల తాకిడి పన్నెండు గంటల సగటులో కలిసి, కాగితంమీద స్వల్పంగా కనిపిస్తుంది. దానిని పట్టాలంటే క్షణక్షణమూ అంకె చూపే పరికరాన్నే ధరించాలి.