పికప్పు వెనుక తోకబండి

ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేయడం ఎప్పుడైనా గమనించారా? బస్తాలన్నీ వెనక్కు వేస్తే కాడి పైకి లేచి, మెడతాడు ఎడ్ల గొంతుకు బిగుస్తుంది. అన్నీ ముందుకు వేస్తే కాడి మెడలను నొక్కేస్తుంది. అందుకే తెలిసిన రైతు బస్తాలు సర్ది, కాడిని చేత్తో ఎత్తి చూసి మరీ ఎడ్లను కడతాడు. అమెరికా రోడ్ల మీద ట్రెయిలరు లాగేవారు చూసుకోవలసిందీ ఇదే.

అక్కడ పికప్పు అనే చిన్న ట్రక్కుకు పడవనో గుర్రాలనో మోసే ట్రెయిలరును తగిలించి లాగడం మామూలు. కొందరు అందం కోసం ఆ పికప్పు స్ప్రింగులు మార్చి బండిని బాగా కిందికి దించుతారు. అలాంటి బండితో బరువు లాగితే ఏమవుతుంది?

ట్రెయిలరు 2,000 కిలోలనుకోండి. అందులో 10 నుంచి 15 శాతం పికప్పు కొక్కెం మీద ఆనాలి. తగ్గితే వేగంలో ట్రెయిలరు అటూ ఇటూ ఊగుతుంది. ఊపు హెచ్చితే పికప్పునే పక్కకు ఈడ్చేస్తుంది. సరే, 250 కిలోలు ఆనించాం. కొక్కెం వెనుక ఇరుసుకు 1.2 మీటర్లు వెనుక ఉంది, రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. వెనుక ఇరుసు చుట్టూ భ్రామకం 250 × 1.2 = 300. దీన్ని 3తో భాగిస్తే 100. అంటే ముందు చక్రాల మీద 100 కిలోలు తగ్గింది, వెనుక ఇరుసు మీద 350 పెరిగింది! బండిని మలుపు తిప్పేవి ముందు చక్రాలు. బ్రేకు వేస్తే ఎక్కువ పనిచేసేవీ అవే. వాటికే పట్టు తగ్గిందన్నమాట.

నమ్మలేరా? స్కేలును రెండు పెన్సిళ్ళ మీద ఆనించండి, ఒకటి 1 సెం.మీ. దగ్గర, మరొకటి 20 దగ్గర. 30 దగ్గర వేలితో నొక్కండి. మొదటి పెన్సిలును ఇట్టే లాగేయవచ్చు.

కిందికి దించిన బండిలో ఇరుసుకూ చట్రానికీ మధ్య ఖాళీ ముందే తక్కువ. 350 కిలోలు పడితే ఆ కాస్తా పూడి, ఇరుసు రబ్బరు దిమ్మెకు తగులుతుంది. ఇక ప్రతి గుంటా దెబ్బే. ఎగిరిన టైరు నేలను పట్టదు. కొక్కెం దిగడంతో ట్రెయిలరు ముక్కు కూడా వాలుతుంది. కనుక కొక్కేన్ని తగినంత ఎత్తున అమర్చి ట్రెయిలరును సమంగా నిలపాలి.

కొందరు గాలి సంచులు అమర్చి వెనుక భాగాన్ని లేపుతారు. చూడటానికి బండి సమంగానే ఉంటుంది. కాని పై లెక్కలో ఒక్క అంకె అయినా మారిందా? ముందు చక్రాలకు బరువు తిరిగి రావాలంటే కొక్కెం దగ్గర గట్టి స్ప్రింగు కడ్డీలు బిగించాలి. అవి బరువును కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రెయిలరు ఇరుసులకు మళ్ళిస్తాయి.

ఏ స్ప్రింగులు వేసినా, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలోని ఇరుసు పరిమితి మాత్రం పెరగదు. ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే కదా! 2,000 కిలోల ట్రెయిలరుకయితే దాని బ్రేకులు దానికి వేరే ఉండాలి.