అటక బరువు – దూలపు బలము
నిలువకొట్టమునకు పైకప్పు నిర్ణయించు విధానము

తెలుగింట అటక నెరుగనివారు అరుదు. ఊరగాయ జాడీలు, శుభకార్యములకు మాత్రమే దిగు గంగాళములు, చదువు ముగిసిన పిల్లల పుస్తకములు తుదకు అటకకే చేరును. ఆ అటకను మోయునది దూలము. దూలము నడుమ నిలిచి వెన్నుదూలమును ఎత్తిపట్టు పొట్టికంబము గుజ్జు. వెన్నునుండి గోడలపైకి వాలు కఱ్ఱలు వాసములు. పాకకు నడుమ నిలుచు పొడవాటి కంబము నిట్రాట. ఇట్టి పదముల విలువ నెరిగియే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తన మాండలిక వృత్తిపదకోశ ప్రణాళికలో వ్యవసాయ పదములతోబాటు గృహనిర్మాణ పదములకును ఒక సంపుటమును కేటాయించినది.

పదములు నిలిచినవి, అవి చెప్పు పని మాత్రము మారినది. ఆ మార్పును గుర్తింపక కప్పు వేయించుటవలన కలుగు ప్రమాదమును, దానిని తప్పించు మార్గమును వివరించుట ఈ వ్యాసోద్దేశము.

పురసవాక్కము, వేపేరి, చూళై, పెరంబూరు ప్రాంతములందు తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. ఇండ్ల వెనుక దొడ్లలోను, పాఠశాలల ఆవరణములలోను రాటలు పాతి, పైన కప్పు వేసి నిలువకొట్టములు కట్టుకొనుట ఇచ్చట వాడుక. అమెరికాలో ‘పోల్ బార్న్’ అని పిలుచు కట్టడము మన రాటల పాకకు దగ్గరి చుట్టమే. 2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళాభ్యసన చట్టమును చేసి, తమిళమును అన్ని పాఠశాలలలోను అంచెలంచెలుగా తప్పనిసరి చేసిన పిదప, అల్పసంఖ్యాక భాషల చదువునుగూర్చి కలవరము పెరిగినది. పాత తెలుగు వాచకములు, నిఘంటువులు, సంఘముల సంచికలు పలుచోట్ల పెట్టెలకెక్కినవి. మరల అచ్చు కానివి వానిలో అనేకములు. వానికి అటకయే ఆశ్రయమైనపుడు, ఆ అటకను మోయు కప్పునుగూర్చి ఆలోచించుట భాషాసేవలో భాగమే యగును.

మొదట బరువు సంగతి. పూర్వపు ఇంటిలో గుజ్జు దూలముపై నిలిచి, వెన్నుదూలపు భారమును దానిపై మోపును. దూలము వంగకుండుటకే పూర్వులు లావుపాటి టేకునో, చేవగల తాటిమ్రానునో ఎన్నుకొనిరి. కప్పును మోసిన ఆ దూలమునకు అటక పెద్ద భారము కాలేదు. నేటి ట్రస్సు చూపునకు అట్లే యుండును. దాని పని వేరు. వాసములు రెండును బరువుచే ఇరువైపులకు తన్నుకొనిపోవ జూచును. అడుగుకఱ్ఱ వానిని పట్టి లాగియుంచును. నడిమి గుజ్జు అడుగుకఱ్ఱను అణచునది కాదు. వెన్నునుండి దానిని వ్రేలాడదీసి పట్టుకొనునది. కావున అడుగుకఱ్ఱ సన్ననిదైనను చాలును. అయితే లాగుడుకు చాలిన సన్నకఱ్ఱ వంపునకు చాలదు. దానిపై పలకలు పరచి పుస్తకముల పెట్టెలు పేర్చినచో, అది చేయవలసిన పని ఒకటి, దానిచే చేయించు పని మరియొకటి యగును. తాతలనాటి దూలమును తలచుకొని మనుమలు ట్రస్సుపై బరువు మోపుటయే మూలదోషము.

బరువెంతయో లెక్కించుట కష్టము కాదు. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 875 రెండవ భాగము నివాసపు గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారమును లెక్కింపుమనును. పుస్తకముల నిలువగదికి, 2.2 మీటర్ల ఎత్తువరకు, అది 600 కిలోలు. 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గల చోటున ఈ లెక్కన భారము 10 టన్నులు దాటును. అటక ఎత్తు తక్కువైనచో కొంత తగ్గును. కాని నడువ దారి విడువక దొంతరలు ఒత్తుగా పేర్చినచో తగ్గినది తిరిగి వచ్చును.

ఇక ఎన్నిక. నడుమ ఒక్క గుజ్జు గల కఱ్ఱట్రస్సు 5 మొదలు 8 మీటర్ల వెడల్పునకు తగును. కాని నడుమ గుజ్జు అడ్డుపడుటచే అటకకు అనుకూలము కాదు. జంటగుజ్జుల ట్రస్సు 8 మొదలు 12 మీటర్లకు తగును. రెండు గుజ్జుల నడుమ చోటు మిగులును. దుప్పట్లు, ఖాళీ పాత్రలు వంటి తేలిక వస్తువులకు అది చాలును. మూడవది అటకకొరకే లెక్కగట్టి చేయు ట్రస్సు. దీని అడుగుకఱ్ఱ లోతుగా నుండి లాగుడును వంపును రెంటిని తట్టుకొనును. పుస్తకములవంటి భారమునకు ఇంకను మేలైన మార్గము కలదు: అటకను ట్రస్సుకు తగిలింపక, రాటలపైననే వేరు దూలములు వేసి నిలుపుట. అప్పుడు కప్పు కప్పుగాను, అటక అటకగాను ఉండును. వెనుకటి దూలపు నీతి ఇదియే.

రాటలకును నియమము కలదు. చెన్నై పరిసరములలో సరుగుడు గుంజలు సులభముగా దొరకును. తేమమట్టిలో నేరుగ పాతినవి కొలది యేండ్లకే మొదట కుళ్లును, చెదలును పట్టును. రాతిపైనో కాంక్రీటు దిమ్మెపైనో ఇనుప పట్టీతో నిలిపినచో ఆయువు పెరుగును. ఉప్పుగాలి తగులు ఊరగుటచే మేకులు, బోల్టులు జింకుపూత గలవై యుండవలెను.

శీతలదేశములలో కప్పును అణచునది మంచు. ఇచ్చట కప్పును ఎత్తునది గాలి. ఐ.ఎస్. 875 మూడవ భాగము చెన్నైకి మూలగాలివేగమును సెకనుకు 50 మీటర్లుగా నిర్ణయించినది. ఆ వేగమున చదరపు మీటరుపై ఒత్తిడి సుమారు 150 కిలోల బరువునకు సమానము. మంగుళూరు పెంకుల బరువు అదే వైశాల్యమునకు 30–40 కిలోలు; ఇనుపరేకు 5 కిలోల ప్రాంతము. ఒత్తిడి యంతయు ఎత్తుడుగా మారకున్నను, కప్పు తన బరువుతోనే నిలుచునని నమ్మరాదని తేలుచున్నది. 2016 డిసెంబరు 12న తీరము దాటిన వర్దా తుపాను ఈ పాఠమును నగరమునకు నేర్పినది. రేకును బద్దకు, బద్దను వాసమునకు, వాసమును రాటకు, రాటను దిమ్మెకు తెగని గొలుసువలె బిగింపవలెను.

తరువాత వేడిమి. 2003 మే 31న చెన్నైలో 45 డిగ్రీలు నమోదైనది. వేడినాపు పొరను అటక నేలపై పరచినచో క్రింది గది చల్లబడును గాని అటక పొయ్యిగా మారును, కాగితము పెళుసెక్కును. పుస్తకములు పైన నుండునపుడు పొర వాసముల వెంబడి ఉండవలెను. రేకు క్రింద వ్రేలెడు గాలిసందు విడిచి, మెరుపు అల్యూమినియం పొరను సందువైపు త్రిప్పి, దాని క్రింద రాతినూలు పరచుట తగిన పద్ధతి. ఆవిరినాపు పొరను శీతలదేశములలో గదివైపు వేయుదురు, ఇచ్చట ఏ.సి. గల గదికి అది వెలుపలివైపు ఉండవలెను, తేమ బయటినుండి లోనికి వచ్చును గనుక. ఏ.సి. లేని అటకకు ఇరుకొనలను వలగట్టిన గవాక్షములు అవసరము. ఈశాన్య ఋతుపవనపు నెలలలో నిలిచిన తేమగాలి బూజును పెంచును.

చల్లదనమునకు తాటాకును మించినది లేదన్న మాట నిజమే. కాని 2004 జూలై 16న కుంభకోణములోని పాఠశాలలో ఆకుకప్పునకు నిప్పంటుకొని 94 మంది పిల్లలు మరణించిరి. పిదప రాష్ట్ర ప్రభుత్వము పాఠశాలలలో ఆకుకప్పులను తొలగింప నాజ్ఞాపించినది. పుస్తకములున్న చోటను పిల్లలు తిరుగు చోటను ఆకుకప్పు తగదు. అంటుకొను థర్మోకోలునకు బదులు మండని రాతినూలును కోరుటకును ఇదియే హేతువు.

కావున కొట్టము కట్టింప దలచినవారు వడ్రంగిని మొదట అడుగవలసినది ధర కాదు. అటకపై నేమి పెట్టుదురో, దాని తూకమెంతో ముందుగా వ్రాసి యియ్యవలెను. పిదప ట్రస్సు జాతి, రాటల కట్టు, గాలికి బిగింపు, వేడినాపు పొర వరుసగా నిర్ణయము కావలెను. ట్రస్సు లెక్కను అనుభవముగల ఇంజనీరుచే సరిచూపించుకొనుట తప్పనిసరి. ఇదివరకే ట్రస్సుపై పెట్టెలెక్కించినవారు అడుగుకఱ్ఱ నడుమ వంగినదేమో దారము పట్టి చూచి, వంగినచో నేడే బరువు దింపుదురు గాక. పెద్దలు దూలమును లావుగా వేసిరి, దానిపై నేమి నిలుపవలెనో వారికి తెలియును గనుక.