కోలాకి యాంటీబయాటిక్ ఇవ్వడం ఎందుకంత కష్టం?

ఈరోజు ఆస్ట్రేలియా వెళ్దాం. కోలా తెలుసు కదా? చూడ్డానికి టెడ్డీబేర్‌లా ఉంటుంది కానీ ఎలుగుబంటి కాదు. కంగారూలాగా పిల్లని పొట్ట సంచిలో పెంచే జంతువు. వీటిని క్లామీడియా అనే బ్యాక్టీరియా పీడిస్తోంది. చూపు పోతుంది, మూత్రాశయం వాచిపోతుంది, ఆడ కోలాలకి పిల్లలు పుట్టకుండా పోతాయి.

"బ్యాక్టీరియానే కదా, యాంటీబయాటిక్ ఇస్తే సరి" అంటారేమో. అసలు చిక్కు అక్కడే ఉంది.

కోలా తినేది దాదాపుగా యూకలిప్టస్ ఆకులే. మనం జామాయిల్, నీలగిరి అంటామే, ఆ జాతి చెట్లు. ఆ ఆకుల్లో పోషకాలు తక్కువ, విషపదార్థాలు ఎక్కువ. వాటిని తట్టుకోడానికి కోలా ఒంట్లో రెండు ఏర్పాట్లున్నాయి.

మొదటిది లివర్. విషాన్ని విరిచేసి బయటికి పంపేస్తుంది. ఈ పని చేసే ఎంజైమ్‌ల జీన్లు కోలాలో బాగా ఎక్కువని 2018లో జీనోమ్ చదివినప్పుడు తేలింది. కానీ ఏది విషమో, ఏది మందో లివర్‌కి తెలీదు కదా! మెలాక్సికామ్ అనే నొప్పి మందు మన ఒంట్లో సగం తగ్గడానికి దాదాపు 20 గంటలు పడితే, కోలాలో సుమారు గంట చాలు. ఎన్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ని నోటి ద్వారా ఇస్తే రక్తంలోకి సరిపడా ఎక్కనే ఎక్కదు.

రెండోది పేగుల్లోని మంచి బ్యాక్టీరియా. ఆకులోని టానిన్లని విరగ్గొట్టే లోనెపినెల్లా లాంటివి. పిల్ల కోలా వీటిని తల్లి విసర్జించే మెత్తటి పదార్థం తిని సంపాదించుకుంటుంది. యాంటీబయాటిక్ రోగపు బ్యాక్టీరియాతో పాటు వీటినీ చంపేయొచ్చు. మనకి కడుపు పాడైతే పెరుగన్నంతో సర్దుకుంటాం. కోలాకి ఆ ఆకు తప్ప వేరే తిండి లేదు. అది అరక్కపోతే చిక్కి చిక్కి చనిపోతుంది. అంటే రోగం తగ్గినా ప్రాణం దక్కకపోవచ్చు అన్నమాట.

అందుకే డాక్టర్లు క్లోరాంఫెనికాల్, డాక్సీసైక్లిన్ లాంటివి ఇంజెక్షన్‌గా ఇస్తూ, అది ఆకు తింటోందా లేదా అని రోజూ కనిపెట్టి చూస్తారు.

ఇంతకంటే మంచి దారి, అసలు రోగమే రాకుండా ఆపడం. 2025 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా ఒక్క డోసు క్లామీడియా టీకాకి అనుమతిచ్చింది. టీకా పేగుల్లోని బ్యాక్టీరియా జోలికి పోదు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం అదే.